ముద్ర పడని బండి

ఆదివారం పొద్దున్న నూకయ్య తను అన్నం తినే స్టీలు కంచంలో నీళ్ళు పోసి స్టాంపులు నానబెడతాడు. ఆ రోజు వర్క్‌షాపు సైరను మోగదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా గంట ఆలస్యంగా నిద్ర లేస్తుంది. పంపు దగ్గర బిందెల చప్పుడు, ఎవరింట్లోనో దిబ్బరొట్టె కాలుతున్న వాసన, వీధి చివర చేపలమ్మే మనిషి కేక. వీటి మధ్య నూకయ్య గుమ్మంలో కూర్చుని, కవరు నుంచి కత్తిరించిన ముక్కని నీళ్ళలో వదిలి, బంక కరిగేదాకా కంచం వైపే చూస్తుంటాడు. పురిటిగది బయట కాచుకున్న తండ్రి కూడా అంత ఓపిగ్గా కూర్చోడు.

బంక కరిగాక స్టాంపుని వేలి కొసతో ఎత్తి నిన్నటి పేపరు మీద పరుస్తాడు. అప్పుడు అందులో ఉన్నది బయటికి వస్తుంది. స్టాంపు ఆరేదాకా తిరిగి, ఆరాక మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది.

అన్ని స్టాంపుల్లోంచీ రావు. విమానాలు, పువ్వులు, నాయకులు కాగితం మీదే ఉండిపోతారు. భూమిలోంచి తవ్వి తీసినవి మాత్రమే వస్తాయి. వేల ఏళ్ళు మట్టి కింద పడుకున్నవాటికి కాసిన్ని నీళ్ళు తగిలితే లేవాలనిపించదా మరి! అందుకే నూకయ్య అవే పోగు చేస్తాడు. పాతకాలపు రాతి బిళ్ళ మీది మూపురం ఆంబోతు ఒకటుంది, బొటనవేలంత. వానాకాలం స్టాంపు రెండు రోజులకి గానీ ఆరదు కాబట్టి అది ఇల్లంతా తిరుగుతుంది. కొప్పులో వరసగా సూదులు గుచ్చుకున్న మట్టి యక్షిణి ఇంకొకామె. ఆమె వచ్చినప్పుడల్లా తిన్నగా అద్దం దగ్గరికే వెళ్తుంది. అమరావతి రాతి పద్మం విచ్చుకున్న రోజు వీధి మొత్తం తామర చెరువు వాసనేస్తుంది.

పక్క క్వార్టర్ గంగాభవానికి ఇవన్నీ అలవాటే. ఆమె భర్త లోకో షెడ్డులో పనిచేస్తాడు.

"అన్నయ్యా, నీ ఆంబోతు మా కందిపప్పు డబ్బాలో దూరిపోనాది. బేగి తీసుకెల్లు, కుక్కరు పెట్టాల," అని గోడ మీంచి కేకేస్తుంది.

"స్టాంపు ఆరితే అదే వచ్చీస్తాదిలే అమ్మా."

"నీది ఆరీసరికి మా ఆయన డ్యూటీకి ఎలిపోతాడు. ఉత్త మజ్జిగన్నం తినీసి ఎల్తాడేటి?"

నూకయ్యకి ఉత్తరాలు రాసేవాళ్ళు ఎవరూ లేరు. పెళ్ళయిన రెండో ఏడే భార్య పోయింది. మళ్ళీ చేసుకోలేదు. టెక్కలి దగ్గర పల్లెలో ఉన్న అక్క మొదట్లో కార్డులు రాసేది. ఫోన్లు వచ్చాక అవీ మానేసింది. అందుకని నూకయ్య తనే ఒక స్టాంపు కొని, కవరు మీద అంటించి, తన అడ్రసే రాసుకుని, తనకే పోస్టు చేసుకుంటాడు. కవరు మరీ బోసిగా ఉండకూడదని లోపల తెల్లకాగితం ఒకటి మడిచి పెడతాడు.

"కొన్నది కొన్నట్టే నానబెట్టుకోవొచ్చు కదా అన్నయ్యా, ఈ తిప్పలేటి?" అని భవాని ఓసారి అడిగింది.

"తప్పమ్మా. ముద్దర పడితేనే దాని పెయాణం అయిపోయినట్టు. అయిపోతేనే ఇంటికాడ కుదురుగా ఉంటాది. నేదంటే ఎటెలిపోద్దో ఎవుడికి తెలుసు!"

ఆ ముద్ర వేసేది స్వర్ణకుమారి. సెటిల్‌మెంట్ చివర రెండు గదుల పోస్టాఫీసులో పందొమ్మిదేళ్ళుగా ఆ కౌంటరు ఆమెదే. ఇప్పుడు ఏది పంపినా కంప్యూటర్ కాగితం ముక్క అంటిస్తున్నారు, స్టాంపు అడిగేవాళ్ళే లేరు. అయినా సొరుగు అడుగున, పాత క్యాలెండరు కాగితంలో మడిచి, నూకయ్య కోసం తవ్వకాల స్టాంపులు కొన్ని ఎప్పుడూ ఉంచుతుంది.

ఆమె ముద్ర వేయడం చూడాలి. సిరా మెత్త మీద ఒక్కసారే నొక్కి, స్టాంపు మూల మీద నెలవంకలా పడేట్టు టక్కుమని దించుతుంది. బొమ్మ మొహం మీద చుక్క సిరా పడనివ్వదు. ఆమె సెలవు పెట్టిన వారం ఇంకెవరో ముద్ర కొట్టిన ఆంబోతు మొహం నిండా నల్లటి మసితో బయటికి వచ్చి, మూడు గంటలు పేపరుకేసి రుద్దుకుంది. ఎవరో పెన్నుతో అడ్డగీత గీసి పంపిన యక్షిణి అయితే అద్దం వైపు కూడా వెళ్ళలేదు, బియ్యం డబ్బా వెనక కూర్చుంది.

సోమవారం భోజనాల వేళ నూకయ్య సైకిలేసుకుని కౌంటరు దగ్గరికి వెళ్తాడు.

"ఈసారి ఏమొచ్చిందండీ, నూకయ్యగారూ?"

"యచ్చిణమ్మ వచ్చినాదండి మేడమ్. మీ ముద్దర బాగుందని సెప్పమన్నాది."

"ఆవిడ మాట్లాడుతుందా?"

"మాటాడదండి. మొహం సూస్తే తెలస్తాది."

స్వర్ణకుమారి నవ్వు కనపడకుండా రిజిస్టరు మీదికి వంగిపోతుంది. కానీ ఆమె ముడి మాత్రం కౌంటరు అద్దం అవతల సన్నగా ఊగుతుంది. నూకయ్య ఆ ఊగడం చూసి, చెయ్యెత్తి దణ్ణం పెట్టి, సైరను మోగేలోగా వర్క్‌షాపుకి వెళ్ళిపోతాడు. వారానికి ఇవే నాలుగు మాటలు. పందొమ్మిదేళ్ళూ ఈ నాలుగు మాటల మీదే నడిచాయి.

ఇద్దరు తమ్ముళ్ళని చదివించి, పెళ్ళిళ్ళు చేసేసరికి స్వర్ణకుమారికి తన పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తని వయసొచ్చింది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కౌంటరు. ఆ సంగతి తెలిసిన భవాని ఊరుకుంటుందా? "ఆవిడ గుడికి రాదు, నువ్వు చర్చికి ఎల్లవు, నిజమే అన్నయ్యా. చాయ్ దుకాణానికి ఇద్దరూ ఎల్లొచ్చు గదా! దానికేటి అడ్డం?" అనేది. నూకయ్య వినపడనట్టు కంచం కడుక్కునేవాడు.

ఈ నెలాఖరుకి అతను రిటైరయ్యాడు. వర్క్‌షాపులోని చక్రాల షాపులో ముప్పై ఆరేళ్ళ ఫిట్టరు పని అయిపోయింది. నాలుగు నెలలు క్వార్టర్‌లో ఉండనిస్తారు. ఉండి ఎవరికోసం? "అక్కడేటుందిరా నీకు? మనూరొచ్చీ," అంది అక్క ఫోన్లో. నూకయ్య పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో. మనూరికి అరవై ఏళ్ళలో అయిదుసార్లు వెళ్ళాడు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి అందరికీ ఒక మనూరు ఉంటుంది, అక్కడ తమని ఎవరూ గుర్తుపట్టకపోయినా సరే. ఆదివారం మధ్యాహ్నం రెండింటి రైలుకి టికెట్ తీసేశాడు.

గురువారం, ఆఖరి కవరుతో కౌంటరుకి వెళ్ళాడు. స్వర్ణకుమారి క్యాలెండరు కాగితం విప్పి ఒక స్టాంపు తీసింది. తవ్వకాల్లో దొరికిన మట్టి బండి, దానికి రెండు మూపురాల ఎద్దులు.

"ఇది మీ షాపుదే. చక్రాలున్నాయి," అంది.

మామూలుగా అయితే నూకయ్య ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు కవరు మీద స్టాంపు అంటించి కిటికీలోంచి తోశాడు.

"ఆదివారం ఎలిపోతన్నానండి మేడమ్. మా ఊరు."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"రానండి."

స్వర్ణకుమారి ముద్ర తీసుకుంది. సిరా మెత్త మీద నొక్కింది. నూకయ్య తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. అంతసేపూ తల ఎత్తలేదు. కాసేపటికి కవరు సంచిలో పడిన చప్పుడైంది. దానికి ముందు ఎప్పుడూ వినపడే ఆ టక్కు వినపడిందో లేదో, తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా అతనికి గుర్తు రాలేదు.

శుక్రవారం షాపులో పూలదండ వేశారు, శాలువా కప్పారు, లడ్డూలు పంచారు. శనివారం కవరు ఇంటికొచ్చింది. ఆదివారం పొద్దున్నకి పెట్టె సర్దడం అయిపోయింది, బయట ఉన్నది ఆ స్టీలు కంచం ఒక్కటే. కళ్ళజోడు కూడా పెట్టెలోకి వెళ్ళిపోయింది. నూకయ్య ప్రయాణం బట్టలు వేసుకుని గుమ్మంలో కూర్చుని, మసక కళ్ళతోనే కవరు కత్తిరించి నీళ్ళలో వదిలాడు.

బండి వచ్చింది. పిడికిలంత ఉంది, ఎర్రమట్టి రంగు. చక్రాలు బిళ్ళల్లా, ఆకుల్లేకుండా ఉన్నాయి. తోలేవాడు లేడు. ఎద్దులు పేపరు మీద ఒక చుట్టు తిరిగి, రాజకీయాల పేజీ మీద ఆగి, అటూ ఇటూ చూశాయి.

భవాని దారిలో తినమని పులిహోర పొట్లం కట్టుకొచ్చింది. "బాగున్నాదన్నయ్యా నీ ఆఖరి బండి," అని మెట్టు మీద కూర్చుని చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎండ గట్టిగానే ఉంది. చూస్తుండగానే స్టాంపు ఆరి, అంచులు పైకి లేచాయి. బండి లోపలికి వెళ్ళలేదు. ఎద్దులు మెడలు ఊపి, పేపరు దిగి, ఒక్కొక్క మెట్టూ జాగ్రత్తగా దిగి వీధిలో పడ్డాయి.

"అన్నయ్యా! ఆరిపోయినా లోపలికి ఎల్లదేటి?"

నూకయ్య స్టాంపుని కంటికి ఆనించుకుని చూశాడు. బొమ్మ ఉండాల్సిన చోటు ఖాళీ. ధర అంకె ఉంది, దేశం పేరు ఉంది. మూల మీద ఉండాల్సిన నల్ల నెలవంక లేదు.

"ముద్దర నేదమ్మా. మేడమ్ మరిచిపోనారు."

"ఎవురూ? ఆవిడా?" అంది భవాని. "మరిచిపోడమా?"

నూకయ్య అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు.

మనిషి నెమ్మదిగా షికారు వెళ్ళే నడకతో పోతోంది బండి. వెనక నూకయ్య. వీధిలో అందరికీ అతను ఈ రోజు వెళ్ళిపోతున్నాడని తెలుసు, అందుకని అందరూ పలకరించేవాళ్ళే.

"రైలు రెండింటికి గదా బావా, ఇప్పుడే ఎల్తన్నావేటి? టేసను అటు కదా!"

"టేసనుకి కాదురా. దీనికి ముద్దర పళ్ళేదు. ఎటెల్తాదో సూడాలి."

"ఓహో! అలగైతే ఎల్లాల్సిందే."

సెటిల్‌మెంట్ దాటి బండి ఇందా పేట వైపు రోడ్డెక్కింది. ఒక టోటో, బ్యాటరీ రిక్షా, సడన్‌గా ఆగింది. డ్రైవరు కిందికి వంగి చూసి, "దాదా, ఎటా కార్ గాడీ?" అని అడిగాడు, ఈ బండి ఎవరిదని.

"పోస్టాఫీస్ కా," అన్నాడు నూకయ్య. డ్రైవరు తల ఊపి, వెనక వచ్చే బస్సుని కూడా చెయ్యెత్తి ఆపాడు. ఎద్దులు రోడ్డు దాటాయి. ఒక మేక ముట్టె పెట్టి వాసన చూసి తప్పుకుంది.

ఇందా బజారు దాటాక, ఒక సందు మొదట్లో, గులకరాయి తగిలి కుడి చక్రం ఊడిపోయింది. ఇరుసు పుల్ల విరిగింది. బండి పక్కకి ఒరిగింది. ఎద్దులు ఆగి, వెనక్కి తిరిగి నూకయ్య వైపు చూశాయి.

టైము పన్నెండున్నర. ఆగిపోయింది కాబట్టి ఇక ఎత్తి జేబులో వేసుకోవచ్చు. ఆటో ఎక్కితే పెట్టె తీసుకుని రెండింటికి స్టేషన్‌లో ఉండొచ్చు. ఆ సందు లోపల నాలుగో ఇల్లు ఎవరిదో నూకయ్యకి తెలుసు. పందొమ్మిదేళ్ళలో ఈ సందు మొదటిదాకా ఎన్నిసార్లు సైకిలు మీద వచ్చాడో! కూరలు కొనుక్కునే వంకతో, ఏ వంకా లేకుండా. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా తిరగలేదు. ఇక్కడే ఒక కాలు నేల మీద ఆనించి, సైకిలు గంట మోగించకుండా, వెనక్కి తిప్పేసేవాడు.

ఇప్పుడు కూడా వెనక్కి తిరిగిపోయేవాడే. బండిని ఎత్తడానికి చెయ్యి కూడా చాచాడు. కానీ చక్రం ఊడిన బండిని అలా వదిలేసి అతను ఎప్పుడూ డ్యూటీ దిగలేదు.

రోడ్డు పక్కన చీపురు పుల్ల ఒకటి వెతికాడు. గోటితో గీకి నునుపు చేశాడు. నేల మీద మోకాళ్ళేసి కూర్చుని, టన్నుల బరువు చక్రాలు బిగించిన ఆ లావుపాటి వేళ్ళతో, గోళీ కాయంత చక్రాన్ని పుల్లకి ఎక్కించాడు. ఎక్కువ బిగిస్తే తిరగదు, తక్కువ బిగిస్తే నిలవదు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి కూర్చుంది. చిటికెన వేలితో తిప్పి చూశాడు. తిరిగింది, చప్పుడు లేకుండా.

"పదండి," అన్నాడు ఎద్దులతో.

అవి సందులోకి తిరిగాయి. నూకయ్య కూడా తిరిగాడు.

స్వర్ణకుమారి అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది. తెల్లచీర మార్చుకోలేదు. వరండాలో కుర్చీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బైబిలు, చేతుల్లో ఏమీ లేదు. బండి గేటు కింద నుంచి దూరి, తులసి లేని ఆ చిన్న వాకిలి దాటి, ఆమె పాదాల దగ్గర ఆగింది. ఆమె దాని వైపు చూసింది. తర్వాత గేటు బయట నిలబడ్డ మనిషి వైపు చూసింది. అద్దం మధ్యలో లేకుండా ఆమెని నూకయ్య చూడడం అదే మొదలు.

"ముద్దర మరిచిపోనారండి మేడమ్," అన్నాడు గేటు పట్టుకుని.

"ఎన్ని వేసుంటాను మీకు?"

"తొమ్మిదొందలు దాటినాయండి."

"ఒక్కటైనా మరిచిపోయానా?"

"నేదండి."

"చెయ్యి ఎత్తాను," అంది స్వర్ణకుమారి. గొంతు కౌంటరు దగ్గరి గొంతులా లేదు. "ఎప్పటిలాగే ఎత్తాను. మీరు రానన్నారు. ఇది దించితే అంతా అయిపోయినట్టే కదా అనిపించింది. దించలేకపోయానండీ. ఉద్యోగంలో చేరాక మొదటి తప్పు అది."

యక్షిణమ్మ గురించి అయితే నూకయ్య ఏదైనా చెప్పగలడు. తన గురించి చెప్పడం ఎప్పుడూ అలవాటు లేదు. "రేపు ఆఫీసుకి అట్టుకొస్తానండి. ఏసీగలరు," అన్నాడు.

"రేపు మీరు ఊళ్ళో ఉంటారా?"

నూకయ్య గేటు గడియ వైపు చూశాడు.

"ఉన్నా నేను వెయ్యను," అంది ఆమె. "రేపు తెచ్చినా వెయ్యను, ఎల్లుండి తెచ్చినా వెయ్యను. వేస్తే అది లోపలికి వెళ్ళిపోతుంది."

ఎద్దులు కాళ్ళు మడిచి కుర్చీ నీడలో పడుకున్నాయి. ఇక ఎక్కడికీ వెళ్ళే పని లేనట్టు నెమరు మొదలెట్టాయి. స్వర్ణకుమారి లేచి లోపలికి వెళ్ళి, గుప్పెట్లో నాలుగు అన్నం మెతుకులు పట్టుకొచ్చి వాటి ముందు పెట్టింది. ఇంకో చేత్తో ఒక కుర్చీ లాక్కొచ్చి తన కుర్చీ పక్కన వేసింది. నూకయ్య గడియ తీసి, చెప్పులు మెట్ల కింద విప్పాడు. చక్రం మట్టి అంటిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక పెట్టుకున్నాడు.

"అన్నం తిన్నారా?" అని అడిగింది.

"నేదండి. భవాని పులిహోర కట్టినాది. ఇంటికాడే మరిచిపోనాను."

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"తమ్ముడూ, టేసనుకి ఎల్లినావేటి? రైలెక్కినాక ఒకపాలి ఫోన్ సెయ్యి, ఇక్కడ నీకు మంచం ఏయించాను."

"ఎక్కలేదక్కా," అన్నాడు నూకయ్య. "నాకింకా ముద్దర పళ్ళేదు."

తమ్ముడి స్టాంపుల సంగతి అక్కకి మొదటి నుంచీ తెలుసు. చిన్నప్పుడు ఆమె కార్డుకి అంటించిన స్టాంపులోంచే మొదటి ఆంబోతు వచ్చింది.

"ఎవురెయ్యాలిరా?"

"పోస్టాఫీసు మేడమ్."

"మరి ఏస్తాదంటావా?"

స్వర్ణకుమారి తెల్లచీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ముడి సన్నగా ఊగుతోంది. పందొమ్మిదేళ్ళుగా అద్దంలోంచి చూసిన ఊగడమే అది.

నూకయ్య ఆమె లాగి వేసిన కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఎయ్యనంటన్నాదక్కా," అన్నాడు.